షోరూముకి వెళ్ళే ముందు మీ సిబిల్ మీరే చూసుకోండి



2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. అప్పటిదాకా 28 శాతం పన్ను, దానిమీద సెస్సు కట్టేవాళ్ళం. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్న బండికి ఆ రోజునుంచీ 18 శాతమే. దసరా ముంగిట వచ్చిన తగ్గింపు కావడంతో, ఎప్పటినుంచో పక్కన పెట్టిన కారు ఆలోచన మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళలో మళ్ళీ మాటల్లోకి వచ్చింది. ముసలివాళ్ళని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలన్నా, పెళ్ళిళ్ళ రోజుల్లో ఊరూరా తిరగాలన్నా ఇంట్లో బండి ఉంటే సుఖమే. అలా అనుకోవడంలో తప్పు లేదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది మాత్రం బండి గురించి కాదు, మైలేజీ గురించీ కాదు. షోరూములో కుర్చీ వేసి కూర్చోబెట్టాక మొదటి పావుగంటలో జరిగే ఒక చిన్న పని గురించి.

కారు నచ్చింది. రంగు కూడా కుదిరింది. అప్పుడు అక్కడి కుర్రాడు, "లోను సంగతి మాకొదిలెయ్యండి సార్. ఆధార్, పాన్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ఇవ్వండి చాలు. ఎక్కడ తక్కువ వడ్డీకి వస్తే అక్కడ చేయించేద్దాం" అంటాడు. మాట మర్యాదగా ఉంటుంది. మనకీ పని తేలికైనట్టే ఉంటుంది. జిరాక్సులు ఇస్తాం. ఫోనుకి వచ్చిన ఓటీపీ చదివి చెబుతాం. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెడతాం. ఆ సంతకం దేనికని అడిగేవాళ్ళు తక్కువ.

ఆ సంతకంతో మీరిచ్చింది అనుమతి. మీ అప్పుల చరిత్ర తెప్పించుకుని చూసుకోవచ్చని అప్పిచ్చేవాళ్ళకి మీరిచ్చిన అనుమతి. ఆ కుర్రాడు ఫైలుని ఒక్క బ్యాంకులో లాగిన్ చేస్తే ఒక్కరే చూస్తారు. మూడు బ్యాంకుల్లో, రెండు ఫైనాన్సు కంపెనీల్లో లాగిన్ చేస్తే అయిదుగురూ చూస్తారు. చూసిన ప్రతిసారీ ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు, ఏ రకం అప్పు కోసం, ఎంత మొత్తం కోసం అన్నది మీ రిపోర్టులో ఒక వరుసగా నమోదవుతుంది. దాన్నే ఎంక్వయిరీ అంటారు. మీరు ఇంటికొచ్చి భోజనానికి కూర్చునేసరికి ఆ అయిదు వరుసలూ పడిపోయి ఉండొచ్చు. మీకు గుర్తున్నది మాత్రం ఒక్క షోరూము, ఒక్క కారు.

ఈ చరిత్ర ఎవరి దగ్గర ఉంటుందో ముందు చెప్పుకుందాం. మన దేశంలో రిజర్వు బ్యాంకు అనుమతితో నడుస్తున్న క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు ఉన్నాయి. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ 2000లో మొదలైంది. ముందుగా వచ్చింది కాబట్టి మన నోట అన్నిటికీ అదే పేరు నిలిచిపోయింది. ఈ సంస్థలకి సంబంధించిన చట్టం 2005లో వచ్చింది. మీరు ఎక్కడ అప్పు తీసుకున్నా, కట్టినా, కట్టకపోయినా ఆ వివరాలు అప్పిచ్చినవాళ్ళు ఈ సంస్థలకి పంపాలి. 2025 జనవరి నుంచి పదిహేను రోజులకొకసారి పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఆ వివరాలన్నీ కలిపి 300 నుంచి 900 మధ్య ఒక అంకె కడతారు. అదే స్కోరు. 750 దాటితే మంచిదని బ్యాంకుల్లో అనుకుంటారు.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించుకుందాం. రావులపాలెం పక్క పల్లెలో ఒక అరటి రైతు. నాలుగెకరాలు, ఊళ్ళో బ్యాంకులో పంట రుణం, ఏటా తిరగరాయించుకుంటాడు. కొడుకు డాలస్‌లో ఉద్యోగం. కారు కొందామనుకుని తండ్రి ఫోను చేస్తే కొడుకు, "నాన్నగారూ, ఒకచోటే అడిగి ఊరుకోకండి. నాలుగు చోట్ల అడగండి. రెండు వారాల లోపు ఎన్నిచోట్ల అడిగినా ఒక్కటిగానే లెక్కేస్తారు, స్కోరుకి ఏమీ కాదు" అంటాడు. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. తానున్న దేశం సంగతి చెప్పాడు. అమెరికాలో ఎక్కువగా వాడే ఫైకో స్కోరులో కారు లోను, ఇంటి లోను కోసం కొద్ది రోజుల్లో చేసిన ఎంక్వయిరీలన్నిటినీ ఒకటిగా లెక్కిస్తారు. పాత పద్ధతిలో ఆ గడువు 14 రోజులు, కొత్త పద్ధతిలో 45 రోజులు. నలుగురినీ అడిగి తక్కువ వడ్డీ వెతుక్కునేవాణ్ణి శిక్షించకూడదని ఆ ఏర్పాటు. చాలామందికి ఒక ఎంక్వయిరీ వల్ల తగ్గేది అయిదు పాయింట్ల లోపేనని కూడా ఫైకో సంస్థే చెబుతుంది.

ఆ లెక్కని నమ్ముకుని మన ఊళ్ళో అడుగు వేయకూడదు. ఇక్కడ అలాంటి గడువు ఉందని ముందే చెప్పి హామీ ఇచ్చే నిబంధన ఏదీ మన ముందు లేదు. రిపోర్టు తెరిచి చూస్తే ప్రతి ఎంక్వయిరీ దాని తేదీతో విడివిడిగానే కనిపిస్తుంది. అమెరికాలో, కెనడాలో ఉన్న మన పిల్లలు ప్రేమతో ఇచ్చే సలహాల్లో ఇది ఒక్కటి మాత్రం ఇక్కడికి పనికిరాదు.

ఎంక్వయిరీ వల్ల ఎంత నష్టం? ఒక్కటైతే స్వల్పమే. కొన్ని పాయింట్లు తగ్గుతాయి, వాయిదాలు సక్రమంగా కడుతుంటే కొన్ని నెలల్లో కోలుకుంటుంది. 800 దగ్గర స్కోరు ఉన్నవాళ్ళకి దాని గురించి నిద్ర మానుకోవలసిన అవసరం లేదు. ఇబ్బంది గీత మీద ఉన్నవాళ్ళకి. ఇవాళ చాలా బ్యాంకులు స్కోరుని మెట్లుగా విడగొట్టి వడ్డీ నిర్ణయిస్తున్నాయి. స్టేట్ బ్యాంకు కారు లోను వడ్డీ కూడా అందరికీ ఒకటి కాదు, స్కోరుని బట్టి మారుతుంది. పై మెట్టు మీద అంచున నిలబడినవాడికి పది పాయింట్లు తగ్గినా కింది మెట్టు మీదికి జారినట్టే. దాని ఖరీదెంతో లెక్క చూడండి. ఎనిమిది లక్షల లోను, ఏడేళ్ళ గడువు అనుకుందాం. వడ్డీ 9 శాతమైతే నెలకి ఈఎంఐ సుమారు 12,870 రూపాయలు. అదే పదిన్నర శాతమైతే సుమారు 13,490. నెలకి ఆరొందల పైచిలుకే కదా అనిపిస్తుంది. ఏడేళ్ళకి కలిపితే దాదాపు 52 వేలు.

స్కోరు అంకె ఒక ఎత్తు, ఆ రిపోర్టు చదివే మనిషి ఇంకో ఎత్తు. నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. లోను మంజూరు చేసే అధికారి ముందు మీ రిపోర్టు ఉంటుంది. అందులో ఒకే వారంలో అయిదు ఎంక్వయిరీలు. ఆ అయిదుచోట్లా ఏమైందో అందులో రాసి ఉండదు. ఒక బ్యాంకు ఇస్తానన్నా మీరే వడ్డీ ఎక్కువని వద్దన్నారేమో, షోరూము కుర్రాడు మీకు చెప్పకుండానే ఫైలు పంపాడేమో, ఆ కాగితానికి తెలియదు. కాగితం చెప్పేది ఒక్కటే: ఇతను అయిదుచోట్ల అడిగాడు, ఇంకా కొత్త అప్పు ఏదీ కనబడటం లేదు. పది సంబంధాలు తప్పిపోయిన ఇంటి గురించి ఊరు ఎలా ఆలోచిస్తుందో, ఆరో బ్యాంకు కూడా అలాగే ఆలోచిస్తుంది. తప్పు ఎక్కడో ఉందనుకుంటుంది. ఒకచోట కాదన్నారని ఆత్రంగా ఇంకోచోటికి, అక్కడ కాదన్నారని మరోచోటికి పరుగెత్తేవాళ్ళు ఈ ఉచ్చులోనే పడతారు. మొదటిచోట ఎందుకు కాదన్నారో తెలుసుకోకుండా రెండోచోటికి వెళ్ళకండి. కారణం రాతపూర్వకంగా చెప్పమని అడగండి. అది అడిగే హక్కు మీకుంది.

ఇన్ని ఎంక్వయిరీలు ఎందుకు లెక్కించాలి, అడగడమే నేరమా అని కోపం వస్తుంది. న్యాయమైన కోపమే. అయినా ఈ లెక్క ఊరికే పుట్టలేదు. మన రాష్ట్రం పదిహేనేళ్ళ కిందట దానికి చాలా ఖరీదు చెల్లించింది. 2010 నాటి మైక్రోఫైనాన్సు సంక్షోభం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెపల్లెకీ సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. ఒకే వీధిలో సోమవారం ఒక కంపెనీ, మంగళవారం ఇంకో కంపెనీ వసూలుకి కూర్చునేవి. ఒకే ఇల్లాలికి మూడు, నాలుగు కంపెనీల అప్పులు. ఒకదాని వాయిదా కట్టడానికి రెండోదాని దగ్గర తీసుకునేది. ఆమెకి ఎవరెంత ఇచ్చారో ఒక కంపెనీ సంగతి ఇంకో కంపెనీకి తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ పెద్దగా లేదు. వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు ఆగిపోయాయి. మరుసటి సంవత్సరం జనవరిలో మాలెగాం కమిటీ రిజర్వు బ్యాంకుకి నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత సూక్ష్మరుణ కంపెనీలు క్రెడిట్ సమాచార సంస్థల్లో చేరి తీరాలని, ఒకే మనిషికి రెండు కంపెనీలకి మించి అప్పివ్వకూడదని నిబంధనలు వచ్చాయి. ఇవాళ దేశమంతటా పేదవాడికి చిన్న అప్పు ఇచ్చే ముందు కూడా రిపోర్టు చూస్తున్నారంటే, దాని వెనుక మన తెలుగు పల్లెల్లోని ఆడవాళ్ళు పడిన బాధ ఉంది. అప్పుడు కట్టలేకపోయిన లక్షలాది మంది పేర్లు ఎగవేతదారులుగా నమోదై, తర్వాత ఏళ్ళ తరబడి వాళ్ళకి సక్రమమైన చోట అప్పు పుట్టడం కష్టమైంది కూడా.

అందుకని నేను ఈ పద్ధతి మొత్తాన్నీ తప్పు పట్టను. అప్పిచ్చేవాడికి ఎదుటివాడు మోస్తున్న బరువు తెలియాలి. తన మీద ఎంత బరువుందో, దాన్ని ఎవరు చూస్తున్నారో అప్పు తీసుకునేవాడికి కూడా తెలియాలి. మన దగ్గర కొరవడింది ఈ రెండోది.

విచిత్రమేమిటంటే మన ఊళ్ళలో భయం తలకిందులుగా ఉంది. "సిబిల్ చూసుకుంటే తగ్గిపోతుందటండీ" అని సొంత రిపోర్టు తెరవడానికి జంకుతారు. అదే పాన్ కార్డు జిరాక్సు మాత్రం అడిగినవాళ్ళకల్లా ఇచ్చేస్తారు. నిజం దానికి పూర్తిగా వ్యతిరేకం. మీ రిపోర్టు మీరు రోజూ చూసుకున్నా స్కోరు ఒక్క పాయింటు కూడా తగ్గదు. అప్పు కోసం ఇంకొకరు చూస్తేనే ఎంక్వయిరీ పడుతుంది. ఒక్క జాగ్రత్త. ఫోనులో స్కోరు ఉచితంగా చూపించే యాప్‌లు చాలా ఉన్నాయి. స్కోరు పక్కనే "మీకు అయిదు లక్షల లోను సిద్ధం" అన్న బొమ్మ కూడా మెరుస్తూ ఉంటుంది. స్కోరు చూడటం వరకు సరే. ఆ బొమ్మ మీద నొక్కి వివరాలు నింపి పంపితే అది దరఖాస్తు అయిపోతుంది, ఎంక్వయిరీ పడుతుంది. సరదాకి నొక్కకండి.

ఉచితంగా చూసుకునే హక్కు మీకు నిబంధన ప్రకారమే ఉంది. 2017 నుంచి నాలుగు సంస్థల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలి. ఆ సంస్థల సొంత వెబ్‌సైట్లోనే తీసుకోండి. నాలుగు సంస్థలున్నాయి కాబట్టి మూడు నెలలకొకటి చొప్పున తీసుకున్నా ఏడాదంతా ఒక కన్ను వేసి ఉంచినట్టే.

రిపోర్టు చేతికొచ్చాక ఏం చూడాలి? స్కోరు అంకె చూసి మూసేయకండి. లోపల ఒక్కో అప్పుకీ నెలనెలా గళ్ళు ఉంటాయి. వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ గడిలో ఉంటుంది. సున్నాలైతే మంచిదే. 30, 60, 90 అని కనబడితే అన్ని రోజులు దాటిందని. సిబిల్ రిపోర్టులో 36 నెలల దాకా ఈ చరిత్ర కనిపిస్తుంది. ఎంక్వయిరీ చేసే గాయం గీత అయితే, ఆలస్యమైన వాయిదా చేసేది కోత. నాలుగు ఎంక్వయిరీల గురించి బెంగపడి, క్రెడిట్ కార్డు బాకీ రెండు నెలలు మర్చిపోయినవాళ్ళకి ఈ తేడా తెలియాలి.

ఇక్కడ మన డెల్టా రైతు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనకి డబ్బు నెలనెలా రాదు. వరి రైతుకి సార్వా కోతలకి, దాళ్వా కోతలకి వస్తుంది. కోనసీమ కొబ్బరి రైతుకి దింపు దింపుకీ వస్తుంది. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతుకి చెరువు పట్టుబడి అయితేనే వస్తుంది, అదీ కౌంటు బాగుండి ధర నిలబడితే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రైతు ఎంత కంగారు పడ్డాడో ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. కారు ఈఎంఐ మాత్రం ఈ లెక్కలేవీ ఎరగదు. ప్రతినెలా అయిదో తేదీనో, పదో తేదీనో ఖాతాలో డబ్బు ఉండాల్సిందే. ఆస్తి ఉండి, కట్టే ఉద్దేశం ఉండి, పట్టుబడి ఇరవై రోజులు ఆలస్యమైనందుకు స్కోరు పోగొట్టుకున్న రైతులు ఉంటారు. వాళ్ళు ఎగవేతదారులు కాదు. ఈ కొలబద్ద నెలజీతం వాడి కోసం తయారైంది, రైతు బతుకు దానికి సరిపడదు. బ్యాంకులు దీన్ని గమనించి కారు లోను వాయిదాలు కూడా పంట కాలానికి తగ్గట్టు పెట్టాలని నా అభిప్రాయం. ట్రాక్టరు లోన్లకి ఆరు నెలల వాయిదాలు ఇస్తున్నప్పుడు, అదే రైతు ఇంటి కారుకి ఎందుకు ఇవ్వకూడదు? అంతవరకు మనం చేయగలిగిందొకటి ఉంది. పంట డబ్బు చేతికి రాగానే రాబోయే ఆరు నెలల ఈఎంఐలకి సరిపడా సొమ్ము వేరే ఖాతాలో వేసి, దాన్ని ముట్టుకోకుండా ఉంచడం.

పంట రుణం సంగతీ అంతే. గడువు లోపల వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. మాఫీ వస్తుందేమోనని ఎదురుచూస్తూ కట్టడం ఆపేసి, 2014 ఎన్నికల తర్వాత మన రాష్ట్రంలో ఎందరో రైతులు, డ్వాక్రా మహిళలు బాకీదారులయ్యారు. మాఫీ వచ్చినా మధ్యలో గడిచిన నెలల ఆలస్యం నమోదు కావచ్చు.

మరొకటి హామీ సంతకం. బావమరిది ట్రాక్టరుకి, పక్కింటి కుర్రాడి చదువు లోనుకి ష్యూరిటీ పెట్టమంటే కాదనలేం. అది మన పద్ధతి. కానీ హామీదారుగా మీ పేరున్న అప్పు మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది. వాళ్ళు కట్టకపోతే ఆ మచ్చ మీకూ అంటుతుంది. సంతకం పెట్టొద్దని నేను చెప్పలేను. పెట్టాక మాత్రం ఆరు నెలలకొకసారి ఆ అప్పు సక్రమంగా కడుతున్నారో లేదో అడగడానికి మొహమాటపడకండి. అలాగే కట్టలేని పాత అప్పుని సగానికో ముప్పావుకో తెగ్గొట్టుకుని సెటిల్‌మెంటు చేసుకుంటే, అప్పు తీరిందని మనం సంబరపడతాం. రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. తర్వాత వచ్చే బ్యాంకు దాన్ని పూర్తిగా తీర్చిన అప్పుగా చూడదు. వీలైతే మిగతా మొత్తం కూడా కట్టి "క్లోజ్డ్" అని మార్పించుకోవడం మేలు.

అసలు అప్పే చేయనివాళ్ళ సంగతి? వాళ్ళకి స్కోరు ఉండదు, రిపోర్టు ఖాళీగా ఉంటుంది. కౌలు రైతుల ఇళ్ళలో ఇలాంటివాళ్ళు చాలామంది. వడ్డీ వ్యాపారుల దగ్గర లక్షలు తీసుకుని నమ్మకంగా తీర్చి ఉంటారు, ఆ మంచితనం ఏ రిపోర్టుకీ ఎక్కదు. అలాంటి ఇంటి కుర్రాడు ట్యాక్సీ కొని తిప్పుకుందామని వెళితే "మీకు సిబిల్ లేదు" అని పంపేస్తారు. 2025 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ పార్లమెంటులో స్పష్టంగా చెప్పింది: అప్పుకి ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు ఏ కనీస అంకె పెట్టలేదు, మొదటిసారి అప్పు అడిగేవాళ్ళని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకుని బ్యాంకులో మర్యాదగా, గట్టిగా చెప్పండి.

రిపోర్టులో పాత అప్పుల పేర్లు చూసి కొందరు బెదిరిపోతారు. "యూనియన్ బ్యాంకులో నేనెప్పుడూ అప్పు తీసుకోలేదే" అంటారు. గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకులో మీరు తీసుకున్న బంగారం లోను ఇప్పుడు యూనియన్ బ్యాంకు పేరుతో కనబడొచ్చు. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. పేరు చూసి కంగారుపడకుండా ఖాతా నంబరు, తేదీ, మొత్తం పోల్చి చూసుకోండి. నగలు విడిపించుకుని, అప్పు మూసేసి నాలుగేళ్ళయినా ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తుంటే అది నిజంగా తప్పు. సరిచేయించుకోవాలి. అందుకే అప్పు తీరిన రోజున ఎన్‌ఓసీ కాగితం అడిగి తీసుకుని భద్రంగా దాచుకోవాలి.

తప్పు కనబడితే ఆ సమాచార సంస్థ వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. బ్యాంకు బ్రాంచిలోనూ కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఫిర్యాదు 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకి వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. మీ రిపోర్టు ఎవరైనా తెరిస్తే మీకు ఎస్సెమ్మెస్ గానీ ఈమెయిలు గానీ పంపాలని కూడా అదే నిబంధనల్లో ఉంది. మీరు ఎక్కడా దరఖాస్తు చేయని రోజున అలాంటి మెసేజి వస్తే అడ్వర్టైజుమెంటు అనుకుని తుడిచేయకండి. ఎవరో మీ పాన్‌తో అప్పు అడుగుతున్నారేమో. బ్యాంకూ, సమాచార సంస్థా రెండూ పట్టించుకోకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2022 సెప్టెంబరు నుంచి ఈ సమాచార సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. 14448 నంబరుకి ఫోను చేసి ఎలా ఫిర్యాదు చేయాలో అడగొచ్చు.

ఇక కారు కొనే పని దగ్గరికి వద్దాం. రిపోర్టు చూసుకున్నారు, తప్పులు లేవు. షోరూముకి వెళ్ళేకంటే ముందు మీ పంట రుణమో, జీతమో, పెన్షనో ఉన్న బ్యాంకుకి వెళ్ళండి. మీ ఖాతా చరిత్ర వాళ్ళ కళ్ళెదుటే ఉంటుంది. "ఈ స్కోరుకి కారు లోను ఎంత వడ్డీకి ఇస్తారు? ప్రాసెసింగు ఫీజు ఎంత? ముందే తీర్చేస్తే పెనాల్టీ ఏమైనా ఉందా?" అని అడగండి. ఈ ప్రశ్నలకి జవాబు చెప్పడానికి పాన్ కార్డు అక్కర్లేదు, దరఖాస్తు అక్కర్లేదు. ఇంకో రెండు బ్యాంకుల్లోనూ ఇలాగే నోటితో అడిగి కాగితం మీద రాసుకోండి. పోల్చి చూసి ఒక్కచోట దరఖాస్తు పెట్టండి. అక్కడ అసలు కుదరకపోతేనే రెండోచోటు. మంజూరయ్యాక, సంతకాలకి ముందు, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటు అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి లోన్లకి అది ఇవ్వడం తప్పనిసరి. వడ్డీ, ఫీజులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి అసలు ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. పైకి తక్కువ వడ్డీ చెప్పి ఫీజుల్లో రాబట్టుకునే లోను అక్కడ దొరికిపోతుంది.

షోరూము వాళ్ళ ద్వారానే లోను తీసుకోవాలనుకుంటే అదీ చేయొచ్చు. కొన్నిసార్లు కంపెనీలు పండగలకి ఇచ్చే తగ్గింపు వడ్డీ అక్కడే దొరుకుతుంది. కాకపోతే పాన్ జిరాక్సు మీద అడ్డంగా ఆ బ్యాంకు పేరు, తేదీ, "కారు లోను కోసం మాత్రమే" అని రాసి సంతకం పెట్టండి. "బాబూ, ఈ ఒక్క బ్యాంకులోనే లాగిన్ చెయ్యి. ఇంకోచోట చేయాలంటే నన్నడిగి చెయ్యి" అని చెప్పండి. ఓటీపీ చెప్పే ముందు ఆ మెసేజి ఎవరి పేరుతో వచ్చిందో చదవండి. ఆ కుర్రాడికీ నెలకిన్ని లోన్లని లక్ష్యం ఉంటుంది, అతని మీద కోపం అక్కర్లేదు. ఎక్కడ లాగిన్ చేయాలో చెప్పాల్సింది మాత్రం మీరు. ఇల్లు కట్టుకోవడానికి ఆరు నెలల్లో పెద్ద లోను తీసుకునే ఉద్దేశం ఉంటే ఇల్లు ముందు కానివ్వండి, కారు తర్వాత చూసుకోవచ్చు. ఇంటి లోను ఇరవై ఏళ్ళది. అక్కడ అర శాతం తేడా వచ్చినా కారు మీద మిగిల్చుకున్నదానికి ఎన్నో రెట్లు పోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకి స్మార్ట్‌ఫోను అలవాటు లేకపోతే, వింటున్న చదువుకున్న పిల్లలకి నా విన్నపం ఒకటే. ఈ వారం ఒక గంట తీరిక చేసుకుని అమ్మ పేరునా, నాన్న పేరునా ఉన్న రిపోర్టులు తీసి, పక్కన కూర్చుని ఒక్కో వరుసా చదివి వినిపించండి. వాళ్ళది కాని అప్పు గానీ, వాళ్ళకి తెలియని ఎంక్వయిరీ గానీ కనబడితే ఆ రోజే ఫిర్యాదు పెట్టించండి.